వికారానికి ఒక ఖాతా పుస్తకం

మా అమ్మని ఎవరు పలకరించినా వచ్చే జవాబు ఒకటే. "బానే ఉన్నా." ఒళ్లు కాలిపోతున్నా అదే మాట. మిట్టమధ్యాహ్నం గ్యాస్ అయిపోయి, కస్టమర్లు గుమ్మం దగ్గర గిన్నెలు పట్టుకుని నిలబడినా అదే మాట. తెనాలిలో మాకు చిన్న కర్రీ పాయింట్ ఉంది. కింద కొట్టు, పైన ఇల్లు. రోజుకి ఎనిమిది కూరలు, పప్పు, సాంబారు, రెండు రోటి పచ్చళ్లు. పద్దెనిమిదేళ్లుగా అన్నీ అమ్మ చేతి మీదే నడుస్తున్నాయి.

పోయినేడాది ఆవిడకి రొమ్ము క్యాన్సర్ అని తేలింది. వయసు 51. ముందు ఆపరేషన్ అయింది. ఆ తర్వాత కీమోథెరపీ అన్నారు. 21 రోజులకోసారి చొప్పున నాలుగుసార్లు రెండు మందులు కలిపి ఇస్తారు. డాక్సోరుబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్. మొదటిది రూఅఫ్జా రంగులో ఉంటుంది. అందుకే వార్డులో అందరూ దాన్ని 'ఎర్ర మందు' అంటారు. ఆ నాలుగూ అయ్యాక వారానికోసారి ఇంకో మందు, పన్నెండు వారాలు.

కీమో అనగానే మనకి ముందు గుర్తొచ్చేది జుట్టు ఊడిపోవడం. సినిమాల్లో చూపించేదీ అదే. మా చుట్టాలు కూడా ఫోన్ చేసి జుట్టు గురించే బాధపడ్డారు. అమ్మ మాత్రం, "ఊడితే ఊడనీ, కూరల్లో వెంట్రుక వచ్చిందని ఎవరూ అనరు" అని నవ్వేసింది. అలాంటి మనిషిని "ఇక నాకొద్దు, మిగతావి చేయించుకోను" అనేదాకా తీసుకొచ్చింది జుట్టు కాదు. వికారం.

రెండో రోజు నుంచి మొదలు

నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తాను. మొదటి కీమోకి సెలవు పెట్టి వచ్చాను. ఎక్కించే ముందు వాంతులు రాకుండా రెండు ఇంజెక్షన్లు చేశారు. ఇంటికి వెళ్లేటప్పుడు ఒక మాత్రల షీటు రాసిచ్చి, "వాంతి వస్తే వేసుకోండి" అన్నారు. ఆ రాత్రి అమ్మ ఇడ్లీ తింది. కొంచెం తిప్పినట్టుంది అంది, అంతే. మర్నాడు పొద్దున టీ కూడా తాగింది. "చూశావా, అనవసరంగా భయపడ్డాం" అని నన్ను రైలెక్కించింది.

ఆ రోజు సాయంత్రం నుంచి అసలు కథ మొదలైందని నాకు తెలిసింది నెల తర్వాత. రోజూ ఫోన్ చేసేదాన్ని. రోజూ బానే ఉన్నానే చెప్పేది. నాన్న పొద్దున్నుంచి రాత్రి దాకా కింద కొట్లో ఉంటాడు. అమ్మ బాత్రూంలో ట్యాప్ ఫుల్లుగా తిప్పి పెట్టుకుని వాంతి చేసుకునేది. బయటికి వచ్చి ముఖం తుడుచుకుని, "తిన్నా" అని చెప్పేది.

రెండో కీమో అయిన నాలుగో రోజు, ఆఫీసుకి వరసగా సెలవులు రావడంతో చెప్పకుండా ఇంటికి వచ్చాను. మెట్లెక్కుతుంటే కింద నాన్న వంకాయ కూరకి పోపు వేస్తున్నాడు. పైన తలుపు తీసేసరికి అమ్మ గోడ పట్టుకుని, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. కడుపులో ఏమీ లేదు, అయినా డోకులు ఆగట్లేదు. ఆవిడ బతుకంతా వేసిన పోపు అది. ఆ వాసనకే ఆవిడ నిలబడలేకపోతోంది.

ఆ రాత్రి మంచం మీద పడుకుని గోడవైపు తిరిగి చెప్పింది. "క్యాన్సర్‌తో పోతే పోతాను. ఇలా కక్కుకుంటూ మాత్రం బతకలేనే."

మరి డాక్టర్‌కి ఎందుకు చెప్పలేదని అడిగితే రెండు కారణాలు చెప్పింది. ఒకటి, "మందు గట్టిగా పట్టింది కాబట్టే కక్కుతున్నా. తగ్గిస్తే మందు పనిచేయదేమో." రెండోది, "చెప్తే ఇంకో నాలుగు మందులు రాస్తారు. ఇప్పటికే ఎంతయిందో నీకు తెలుసా?"

ఈ రెండు భయాలూ మా అమ్మ ఒక్కదానివే కావని తర్వాత వార్డులో కూర్చున్నప్పుడు తెలిసింది. పక్క కుర్చీలో ఉన్న పెద్దాయన కూడా అచ్చంగా అదే మాట అన్నాడు. "చేదు మందే పనిచేస్తుందమ్మా."

కడుపు పొరబడే పద్ధతి

మనం పొరపాటున పాడైన తిండి తింటే ఏమవుతుంది? కడుపు దాన్ని బయటికి తోసేస్తుంది. అది శరీరం మనకి చేసే మేలు. కీమో మందు నరం ద్వారా రక్తంలోకి వెళ్లినా, శరీరం దాన్ని కూడా విషమనే అనుకుంటుంది. పేగుల లోపలి పొరలో ఉండే కొన్ని కణాలు కీమో దెబ్బకి సెరటోనిన్ అనే రసాయనాన్ని వదులుతాయి. అది అక్కడి నరాన్ని తట్టిలేపుతుంది. ఆ కబురు మెదడుకి చేరి, అక్కడున్న వాంతి కేంద్రం పనిలో దిగుతుంది. మెదడు అడుగున రక్తాన్ని నేరుగా రుచి చూసే కాపలాదారు లాంటి చోటు ఇంకొకటి ఉంది. అది కూడా గంట కొడుతుంది.

ఆ సెరటోనిన్ కబురు మెదడుకి చేరకుండా అడ్డుకునే మందే ఒండాన్‌సెట్రాన్. చాలామంది ఇళ్లల్లో పిల్లల వాంతులకి వాడే మాత్రే. అమెరికాలో దానికి 1991లో అనుమతి వచ్చింది. అంతకుముందు కొన్ని రకాల కీమోలంటే రోజంతా బకెట్ పక్కన కూర్చోవడమే.

అయితే సెరటోనిన్ గొడవ ముఖ్యంగా మొదటి 24 గంటలది. ఆ తర్వాత రెండో రోజు నుంచి సుమారు ఐదో రోజు దాకా వచ్చే వికారంలో 'సబ్‌స్టెన్స్ పి' అనే ఇంకో రసాయనం పాత్ర ఎక్కువ. దాన్ని ఆపడానికి వేరే రకం మందులు కావాలి. వాటిలో మొదటిదైన అప్రెపిటాంట్‌కి 2003లో అనుమతి వచ్చింది. అమ్మ మొదటి రాత్రి ఇడ్లీ తిని, రెండో రోజు సాయంత్రం కూలబడటానికి కారణం ఇదే. ఆవిడకి ఇచ్చిన కాపలా మొదటి రోజుకే సరిపోయింది.

ఇక అమ్మ అనుకున్నట్టు, వాంతి అవడం మందు పనిచేస్తోందనడానికి గుర్తు కాదు. వాంతి అవ్వకపోతే మందు పనిచేయనట్టూ కాదు. గడ్డ మీద మందు చేసే పని వేరు, కడుపులో అది పెట్టే గొడవ వేరు. ఈ మాట నేను చెబితే అమ్మ నమ్మలేదు. తర్వాత డాక్టర్ మేడం చెప్తే నమ్మింది.

పావలా, అర్ధ, ముప్పావలా, రూపాయి

మూడో కీమోకి రమ్మని అమ్మని ఒప్పించడానికి నాకు వారం పట్టింది. ఏడ్చి లాభం లేదని తెలుసు. ఆవిడ కన్నీళ్లకి కరగదు, లెక్కలకి కరుగుతుంది. కొట్లో నెలవారీ ఖాతాదారులకి పొడుగాటి పుస్తకం ఒకటుంటుంది. ఎవరు ఏ రోజు ఏ కూర పట్టుకెళ్లారో, ఎంత బాకీయో అన్నీ అందులో ఉంటాయి. అలాంటిదే కొత్త పుస్తకం ఒకటి తెచ్చి అమ్మ ముందు పెట్టాను.

"ఇది నీ వాంతుల ఖాతా. రెండో కీమో తర్వాత ఏ రోజు ఏం జరిగిందో రాయి. ఒక్క రోజు కూడా ఎగ్గొట్టకూడదు."

"రోజులు ఎలా గుర్తుంటాయే?"

"కింద ఏ కూర వండారో దాన్నిబట్టి చెప్పు."

అంతే, టకటకా వచ్చేసింది. దొండకాయ వేపుడు రోజున మూడుసార్లు. వంకాయ రోజున ఐదుసార్లు, అందులో రెండు ఊరికే డోకులు. పప్పుచారు రోజున వాంతి లేదు, కానీ పొద్దస్తమానం తిప్పుతూనే ఉంది. 

ఈ చివరిది చాలా ముఖ్యం. ఆసుపత్రిలో "ఎన్నిసార్లు వాంతి అయింది?" అనే అడుగుతారు. వాంతి లెక్కపెట్టొచ్చు. వికారాన్ని ఎలా లెక్కపెడతాం? సున్నా నుంచి పది దాకా మార్కులు వేయమన్నాను. అమ్మకి ఆ పద్ధతి నచ్చలేదు. తన పద్ధతి తనే పెట్టుకుంది. కొద్దిగా తిప్పితే పావలా. తిండి మీదకి మనసు పోకపోతే అర్ధ. మంచం దిగలేకపోతే ముప్పావలా. చచ్చిపోతే బాగుండనిపిస్తే రూపాయి.

రెండు పేజీలు నిండాక చూస్తే, ఎవరికైనా అర్థమయ్యే లెక్క బయటపడింది. మొదటి రోజు పావలా. రెండో రోజు సాయంత్రం నుంచి ముప్పావలా. మూడు, నాలుగు రోజులు రూపాయి. ఐదో రోజు అర్ధ. ఏడో రోజుకి సున్నా. రోజులో ఎక్కువయ్యే టైములు రెండు, పదకొండు గంటలు, సాయంత్రం ఆరున్నర. అవి కింద పోపులు పెట్టే టైములు. ఇంకో విషయం కూడా కనిపించింది. మూడు రోజులు విరేచనం అవ్వలేదు.

ఆ పుస్తకం సంచీలో పెట్టుకుని మూడో కీమోకి బయల్దేరాం.

మందు ఎక్కించకముందే వాంతి

మా ఊరి నుంచి ఆసుపత్రికి బస్సులో గంట పైనే పడుతుంది. అమ్మకి పెళ్లయిన కొత్త నుంచీ బస్సు పడదు. హ్యాండ్‌బ్యాగులో నిమ్మకాయ లేకుండా ఎక్కదు. కానీ ఈసారి బస్సు బాగానే గడిచింది. ఆసుపత్రి వరండాలో స్పిరిట్ వాసన తగలగానే పక్కకి తిరిగి వాంతి చేసుకుంది. నర్సు పరిగెత్తుకొచ్చి, "ఇంకా ఏమీ ఎక్కించలేదు కదమ్మా!" అంది.

దీనికీ ఒక పేరుంది. ముందస్తు వికారం. పావ్లోవ్ కుక్క పాఠం స్కూల్లో చదువుకున్నాం కదా. గంట మోగితే కుక్కకి నోరూరినట్టే, రెండుసార్లు బాగా బాధపడిన మనిషికి ఆ గది, ఆ వాసన, ఆ కుర్చీ రంగు చూసినా కడుపు తిరుగుతుంది. అది నాటకం కాదు, మనసు బలహీనత కాదు. శరీరం నేర్చుకున్న పాఠం. నేర్చుకోకుండా ఉండాలంటే మొదటిసారి నుంచే వాంతులు రాకుండా చూసుకోవడం అన్నిటికన్నా మేలు. ఒకసారి నేర్చుకున్నాక మామూలు వాంతి మాత్రలు దాని మీద పెద్దగా పనిచేయవు.

ఆ రోజు డ్యూటీలో ఉన్న డాక్టర్ మేడం మా పుస్తకం చేతిలోకి తీసుకుని పేజీలు తిప్పింది. 'రూపాయి' అంటే ఏంటని అడిగి, తెలుసుకుని, కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అమ్మని మూడు ప్రశ్నలడిగింది.

"బస్సు ఎక్కితే తిప్పుతుందా అమ్మా?"

"నిమ్మకాయ లేకుండా ఎక్కనండి."

"కడుపుతో ఉన్నప్పుడు వేవిళ్లు ఎక్కువగా ఉండేవా?"

"ఇది కడుపులో ఉన్నప్పుడు ఐదు నెలలు మంచినీళ్లు కూడా ఇమడలేదండి" అంటూ నా వైపు చూపించింది.

"మద్యం అలవాటు..." అని మేడం నవ్వుతూ ఆపేసింది.

ఈ ప్రశ్నలకి కారణం ఉంది. కీమో వికారం అందరికీ ఒకేలా రాదు. మగవాళ్లకన్నా ఆడవాళ్లకి, పెద్దవాళ్లకన్నా వయసులో ఉన్నవాళ్లకి, ప్రయాణంలో వాంతులయ్యేవాళ్లకి, వేవిళ్లు ఎక్కువగా పడ్డవాళ్లకి వచ్చే అవకాశం ఎక్కువ. బాగా మద్యం అలవాటున్నవాళ్లకి తక్కువట. అలాగని ఈ మందు కోసం ఆ మందు మొదలుపెట్టమని కాదు! పైగా అమ్మకి ఇస్తున్న రెండు మందుల జోడీ, వాంతులు బాగా తెప్పించే రకాల జాబితాలో పైన ఉంటుంది. 

మేడం చివరికి ఇలా అంది. "అమ్మా, క్యాన్సర్‌కి మందివ్వడం ఎంత మా పనో, ఈ వికారం ఆపడం కూడా అంతే మా పని. మీరు ఓర్చుకుంటే మాకు తెలిసేదెలా?"

పిచ్చి మందు కాదు

మూడో కీమోకి మందులు మారాయి. ఎక్కించడానికి గంట ముందు అప్రెపిటాంట్ గొట్టం మాత్ర, తర్వాత రెండు రోజులు ఇంటి దగ్గర ఒక్కోటి. ఒండాన్‌సెట్రాన్ జాతిదే అయినా ఎక్కువసేపు పనిచేసే పాలోనోసెట్రాన్ ఇంజెక్షన్. డెక్సామెథసోన్. ఇవి కాక నాలుగు రాత్రులు ఒలాంజపైన్ అనే చిన్న మాత్ర. "వాంతి వస్తే వేసుకోండి" అనే మాట పోయి, "వాంతి వచ్చినా రాకపోయినా టైముకి వేసుకోండి" అనే మాట వచ్చింది. తేడా అంతా అక్కడే ఉంది. వికారం మొదలయ్యాక దాన్ని దించడం కష్టం. మొదలవ్వకుండా చూడటం తేలిక.

మెడికల్ షాపులో ఒలాంజపైన్ ఇస్తూ కుర్రాడు, "ఇది మెంటల్ వాళ్లకి వాడేది కదండీ, ఎవరికి?" అన్నాడు. అమ్మ మొహం మాడిపోయింది. ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు. "నాకు పిచ్చి పట్టిందని రాశారా?" అంది చివరికి.

ఆ కుర్రాడి మాటలో అబద్ధం లేదు. అది మానసిక వైద్యంలో వాడే మందే. కానీ మెదడులో వికారాన్ని నడిపించే రసాయన దారులు ఒకటి కాదు, చాలా ఉన్నాయి. ఈ మాత్ర వాటిలో చాలావాటిని ఒకేసారి మూసేస్తుంది. మిగతా మూడు మందులకి దీన్ని కలిపితే వికారం ఇంకా తగ్గుతుందని 2016లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అమెరికా అధ్యయనం తేల్చింది. అమ్మకి ఇదంతా చెప్పలేదు. "అల్లం కూరలోకీ వేస్తాం, టీలోకీ వేస్తాం కదా, ఇదీ అంతే" అన్నాను. సరేనంది.

ఆ విడత ఖాతా నా ఫోన్‌లో ఇప్పటికీ ఫొటో తీసి ఉంది. మొదటి రోజు సున్నా. రెండో రోజు పావలా. మూడో రోజు అర్ధ, ఒక వాంతి. నాలుగో రోజు పావలా. రూపాయి ఎక్కడా లేదు.

మరీ కథ సుఖాంతం అనుకోకండి. ఆ మాత్రకి అమ్మ మధ్యాహ్నం దాకా మత్తుగానే ఉంది. పొద్దున లేస్తూ తూలింది కూడా. అది కూడా పుస్తకంలో రాశాం. నాలుగోసారికి మేడం ఆ మాత్ర డోసు తగ్గించి 2.5 మిల్లీగ్రాములు చేసింది. ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి వాళ్లు 10 మిల్లీగ్రాములకి బదులు 2.5 ఇచ్చి చూసి, వాంతులు ఆపడంలో తేడా రాకుండానే మత్తు తగ్గుతుందని 2024లో ప్రచురించారు. మన దేశంలో, మన ఒంటి తీరు మనుషుల మీద చేసిన పరిశోధన మా తెనాలి మేడమీద మంచం దాకా వచ్చిందని అనిపించి గర్వంగా ఉంది. ముందస్తు వికారానికి, కీమో ముందు రాత్రికి ఆందోళన తగ్గించే చిన్న మాత్ర ఒకటి రాసింది. వరండాలో కూర్చోబెట్టకుండా నేరుగా లోపలికి పంపమని నర్సుకి చెప్పింది. అమ్మ కుర్చీలో కూర్చున్నాక నేను కొట్టు ఖాతా పుస్తకం చేతికిచ్చాను. మందు ఎక్కుతున్నంతసేపూ ఎవరి బాకీ ఎంతో కూడుకుంటూ కూర్చుంది. మనసు ఇంకో పనిలో ఉండటం కూడా ఈ రకం వికారానికి మందే.

వంటింట్లో మేం మార్చినవి

మాత్రలు సగం పని చేస్తే, మిగతా సగం ఇంట్లో జరిగింది. ఇవి మా అమ్మకి పనికొచ్చినవి. మీ ఇంట్లో మనిషికి ఇంకోలా ఉండొచ్చు.

పోపు: కీమో తర్వాత ఐదు రోజులు కింద కొట్లో నూనె పొయ్యి వెలిగించలేదు. పప్పు, సాంబారు, పచ్చళ్లు మాత్రం బాబాయి వాళ్లింట్లో వండి తెచ్చి అమ్మాం. బేరం తగ్గింది. "కీమో అయ్యేదాకా ఈ వారం కూరలు లేవు" అని బోర్డు పెడితే ఖాతాదారులెవరూ మానేయలేదు.

చల్లారిన తిండి: వేడి వేడిగా పెడితే ఆవిరితో పాటు వాసన ముక్కుకి కొడుతుంది. అదే అన్నం చల్లారాక పెరుగు కలిపి, దానిమ్మ గింజలు వేసి ఇస్తే తినగలిగింది. చల్లార్చిన రాగిజావ, ఇడ్లీ, మరమరాలు కూడా. అయితే అన్నీ అప్పటికప్పుడు చేసినవే. కీమోలో తెల్లకణాలు తగ్గుతాయి కాబట్టి రాత్రి మిగిలినవి, బయట కోసిన పండ్లు వద్దన్నారు.

కొంచెం కొంచెం: మూడు పూటల భోజనం మానేసి, రెండు గంటలకోసారి గుప్పెడు. ఖాళీ కడుపుతో వికారం ఎక్కువవుతుంది. పొద్దున మంచం దిగకముందే రెండు ఉప్పు బిస్కెట్లు. తిన్న వెంటనే పడుకోకుండా గంటసేపు వాలుకుర్చీలో.

స్టీలు గ్లాసు: నోరంతా ఇనుము నాకినట్టుందని అమ్మ అనేది. ఎర్ర మందు ఎక్కినవాళ్లు చాలామంది ఈ మాటే అంటారు. స్టీలు గ్లాసు తీసేసి గాజు గ్లాసు, పింగాణీ గిన్నె, ప్లాస్టిక్ చెంచా పెట్టాం. నీళ్లలో నిమ్మరసం, చిటికెడు ఉప్పు.

ఇష్టమైనవి వద్దు: ఇది వింటే ఆశ్చర్యంగా ఉంటుంది. మొదటి కీమో రోజున మా పిన్ని ప్రేమగా పూర్ణాలు చేసి తెచ్చింది. అమ్మకి ప్రాణం అవంటే. తిన్న మర్నాడు వాంతులు. ఇప్పటికీ పూర్ణం పేరెత్తితే తల తిప్పుకుంటుంది. ఆ తిండికీ ఆ వాంతికీ మెదడు ముడి వేసేసింది. అందుకే ఆ నాలుగు రోజులూ మామూలు తిండే పెట్టండి. ఇష్టమైనవి తర్వాత తినొచ్చు.

విరేచనం: ఒండాన్‌సెట్రాన్ లాంటి మందులే మలబద్ధకం తెస్తాయి. మలబద్ధకం మళ్లీ వికారం పెంచుతుంది. మేడంకి చెప్తే దానికో సిరప్ ఇచ్చింది. సిగ్గుపడి దాచుకునే విషయం కాదిది.

డెక్సామెథసోన్: ఇది స్టెరాయిడ్. రాత్రి వేసుకుంటే నిద్ర పట్టదు, అందుకే మాకు పొద్దున పూటే టిఫిన్ తర్వాత వేసుకోమన్నారు. షుగర్ ఉన్నవాళ్లకి అది పెరుగుతుంది కాబట్టి ముందే డాక్టర్‌కి చెప్పాలి.

అల్లం మురబ్బా చప్పరిస్తే అమ్మకి కాస్త హాయిగా ఉండేది. అంతవరకు ఫర్వాలేదన్నారు. ఎవరో తెచ్చిచ్చిన ఆకుల పొడులు, కషాయాలు మాత్రం డాక్టర్‌ని అడక్కుండా వద్దన్నారు. కీమో మందుతో అవి ఎలా కలుస్తాయో చెప్పలేం.

ఇంకో నాలుగు సందర్భాల్లో పుస్తకం మూసేసి ఆసుపత్రికి పరిగెత్తాలి. రోజంతా మంచినీళ్లు కూడా ఇమడకపోతే. మూత్రం బాగా తగ్గిపోయి, లేస్తే కళ్లు తిరిగితే. వాంతిలో రక్తం కనిపిస్తే. జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే. ఆఖరిది అర్ధరాత్రయినా సరే, పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా ఆగకూడదు. ఈ నాలుగూ, ఆసుపత్రి ఎమర్జెన్సీ నంబరూ మా పుస్తకం అట్ట మీద స్కెచ్ పెన్నుతో రాసిపెట్టాం.

ఓర్పుకి ఇచ్చే మెడల్

మన ఇళ్లల్లో ఆడవాళ్ల ఓర్పుని తెగ మెచ్చుకుంటాం. "మీ అమ్మ ఎంత నొప్పినైనా పంటి బిగువున భరిస్తుంది" అని చుట్టాలు అంటుంటే ఒకప్పుడు వినడానికి బాగుండేది. కీమో వార్డులో ఆ మాట వింటే ఇప్పుడు భయమేస్తుంది. పంటి బిగువున భరించిన వాళ్లే నెమ్మదిగా కిలోలు కిలోలు తగ్గిపోతారు, ఒకరోజు రావడం మానేస్తారు. మా అమ్మకి పూర్తిగా నయం చేసే ఉద్దేశంతో ఇస్తున్న చికిత్స అది. దాన్ని ఆపాలనుకున్నది క్యాన్సర్ ముదిరినందుకు కాదు, ఆపగలిగే వాంతుల్ని ఎవరూ ఆపనందుకు.

ఇది చదివే మీలో చాలామంది నాలాగే వేరే ఊళ్లో ఉండి ఉంటారు. అమ్మకో నాన్నకో కీమో నడుస్తుంటే, ఫోన్‌లో "ఎలా ఉంది?" అని అడిగితే వచ్చే జవాబు మీకూ తెలుసు. దానికి బదులు ఇలా అడిగి చూడండి. పొద్దున్నుంచి ఏం తిన్నావు? ఎన్ని గ్లాసులు తాగావు? మాత్ర ఎన్నింటికి వేసుకున్నావు? ఇప్పుడు పావలానా, అర్ధా? ఇలాంటి ప్రశ్నలకి బానే ఉన్నానని చెప్పడం కుదరదు. ముఖ్యంగా రెండో రోజు నుంచి ఐదో రోజు దాకా ఇంట్లో ఎవరో ఒకరు ఉండేలా చూసుకోండి. సెలవు రెండు రోజులే దొరికితే, ఎక్కించే రోజున కాదు, ఆ తర్వాత పెట్టుకోండి. రాసినదాన్ని ఫొటో తీసి, తర్వాతి కీమోకి ముందే డాక్టర్‌కి చూపించండి.

అమ్మకి నాలుగు ఎర్ర మందులూ అయిపోయాయి. వారం వారం ఇచ్చిన రెండో రకం మందుకి వికారం అంతగా లేదు. దానికి వేళ్ల చివర్లు తిమ్మిర్లు, అది వేరే ఖాతా. అవీ పూర్తయ్యాయి. బెండకాయ వేపుడుకి మళ్లీ తనే పోపు పెడుతోంది. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకోవట్లేదు కానీ, స్పిరిట్ వాసన వస్తే మాత్రం ఇప్పటికీ ఆగి ఊపిరి బిగబడుతుంది.

పోయిన నెల మా ఖాతాదారు ఒకాయన వచ్చి, వాళ్లావిడకి సోమవారం నుంచి కీమో అని చెప్పాడు. అమ్మ ఆయనకి ధైర్యం చెప్పలేదు. దేవుడున్నాడు అనలేదు. గరిటె పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని అడిగింది. "మీ ఆవిడకి బస్సు పడుతుందా అండీ? వేవిళ్లు ఎలా ఉండేవి? సోమవారం లోపు ఈ రెండూ డాక్టర్‌కి చెప్పండి." తర్వాత డ్రాయర్లోంచి కొత్త పుస్తకం ఒకటి తీసి, మొదటి పేజీలో గళ్లు గీసి ఇచ్చింది.